జీపు ఎటు లాగింది?

రాయి!

ముందు అద్దానికి తగులుతుంది. అద్దం రాలిపోదు... నిలువునా పగులుతుంది.

"తల దించు!" ఉమాపతి అరుస్తాడు.

పక్క సీట్లోని ప్రణీత్ అప్పటికే డ్యాష్‌బోర్డు కిందికి జారిపోయాడు.

రెండో రాయి. మూడోది బానెట్ మీద!

"గదే జీపు! చైతన్యను గుద్దిన జీపు గదే! ఆపుండ్రి!"

వెనక నాలుగు బైకులు. ఒక్కో బైకు మీద ఇద్దరు, ముగ్గురు. అందరికంటే ముందు గంగాధర్. చనిపోయిన చైతన్య రూమ్మేట్. వాడి చేతిలో ఇనుప రాడ్డు!

పొద్దున పదకొండు. సకల జనుల సమ్మె. బస్సుల్లేవు, ఆటోల్లేవు, క్లాసుల్లేవు. నిన్నటి టియర్ గ్యాస్ ఘాటు ఇంకా గాలిలో ఉంది. క్యాంపస్ రోడ్డు ఖాళీ. చాటుకు పోదామంటే ఒక్క బండి లేదు.

ఉమాపతి గేరు మారుస్తాడు. నలభై... యాభై...

స్టీరింగ్ వణకడం మొదలైంది. ముందు వేళ్లలో. తర్వాత మోచేతుల దాకా. ఇప్పుడు జీపు మొత్తం ఊగిపోతోంది!

"ఏమైందన్నా?" కింద నుంచి ప్రణీత్.

"యాభై దాటితే ఇంతే. ముందు చక్రాలు నిలవవు."

అతనికి తెలుసు. ఈ జీపును పైకి లేపింది అతనే.

తార్నాక సందులో ఉమాపతికి షెడ్డు ఉంది. యూనివర్సిటీలో గుమాస్తా ఉద్యోగానికి వాళ్ల నాన్న నంద్యాల నుంచి వచ్చాడు. కొడుకు చదువు మానేసి స్పానర్ పట్టుకున్నాడు. గుట్టలెక్కే జీపుల ఎత్తు పెంచాలంటే సిటీలో ఎవరైనా అతని పేరే చెబుతారు.

పది రోజుల క్రితం ప్రణీత్ జీపును నాలుగంగుళాలు లేపాడు. బాడీ పైకి పోయింది. యాక్సిల్ కిందే ఉంది. రెండింటినీ కలిపే స్టీరింగ్ రాడ్ ఏటవాలుగా వేలాడింది. దాన్ని సరిచేయాలంటే స్టీరింగ్ బాక్సు కిందుండే ఇనుప చెయ్యిని తీసి పొడుగుది వేయాలి. పిట్‌మన్ ఆర్మ్ అంటారు దాన్ని. అప్పుడు రాడ్ మళ్లీ సాఫీగా అడ్డంగా నిలుస్తుంది.

ఆ ఆర్మ్ ఇంకా రాలేదు.

"స్టీరింగ్ సరి చేయకుండా తీసుకుపోవద్దు బాబూ."

"రెండ్రోజులే అన్నా. మెల్లగ నడుపుత."

ఉమాపతి కనీసం ఒక్క రౌండు నడిపి చూడలేదు. తాళం ఇచ్చేశాడు.

మూడు రోజుల క్రితం సాయంత్రం, హాస్టళ్ల రోడ్డులో ఆ జీపు చైతన్యను గుద్దేసింది. హాస్టల్ కుర్రాళ్లు జీపును చూశారు. నడిపినవాడి ముఖం మాత్రం ఎవరికీ కనిపించలేదు.

ఆ మాట విన్నప్పటి నుంచి ఉమాపతికి ముద్ద దిగలేదు. తను సరిచేయని స్టీరింగ్... తన చేతుల్లో పోయిన ప్రాణం!

ఈ రోజు పొద్దున ప్రణీత్ ఫోన్ చేశాడు. మాణికేశ్వర్ నగర్‌లో రేకుల షెడ్డు. లోపల తడకల కింద జీపు. ఉమాపతి వెళ్లగానే కాళ్ల మీద పడ్డాడు.

"స్పీడ్ బ్రేకర్ కాడ బ్రేక్ కొట్టిన అన్నా. స్టీరింగ్ నేను తిప్పనే లే! బండి దానంతట అదే కుడికి గుంజింది. రోడ్డుకు అవతల చాయ్ బండి కాడ నిలబడ్డడు వాడు... నేను కావాలని చేయలే అన్నా!"

"పోలీసులకు చెప్పినావా?"

"ఇన్‌స్పెక్టర్ సుబ్బరాయుడు సార్ తార్నాక గేటు కాడ డ్యూటీల ఉన్నడు. నువ్వొచ్చి స్టీరింగ్‌ల తప్పున్నదని చెప్తే చాలు. యాక్సిడెంట్ కేసు రాస్తడు."

ఉమాపతి ఎక్కువసేపు ఆలోచించలేదు.

"చెప్తా. తప్పు నాది. జైలుకైనా పోతా."

ప్రణీత్ చేతులు వణుకుతున్నాయి. అందుకే స్టీరింగ్ ఉమాపతి పట్టుకున్నాడు. తార్నాకకు క్యాంపస్ లోంచే దగ్గర దారి. రెండు మలుపులు తిరిగారో లేదో... గంగాధర్ చూశాడు.

ధడ్!

ఇనుప రాడ్డు వెనక డోర్ మీద పడింది. బైకు పక్కకొచ్చేసింది. గంగాధర్ లోపలికి చూశాడు.

"ఉమాపతన్నా! నువ్వా?"

వాడి గొంతులో కోపం కంటే నమ్మలేనితనమే ఎక్కువ.

"చైతన్య బండి నీ షెడ్లనే బాగు చేయించిండు గదనే! గిప్పుడు వాణ్ణి సంపినోణ్ణి దాటిస్తున్నవా?"

"దాటించడంల్యా! పోలీసుల కాడికే పోతాండాము! పక్కకు పో గంగాధర్, చక్రం కింద పడ్తావు!"

భయమేస్తే ఉమాపతి నోట నంద్యాల మాట వచ్చేస్తుంది. గంగాధర్ ఆ యాస విన్నాడు. పళ్లు కొరికాడు.

"ఎన్నేండ్లున్నా ఆంధ్రోడివి ఆంధ్రోడివేనే!"

ముప్పై ఏళ్లుగా తార్నాకలో ఉన్నవాడికి ఆ మాట రాయి కంటే గట్టిగా తగిలింది.

జవాబు చెప్పే టైమ్ లేదు. ముందు స్పీడ్ బ్రేకర్!

ఉమాపతి బ్రేక్ తొక్కుతాడు. జీపు ముక్కు కుంగుతుంది...

బండి పక్కకు దూకింది!

ఎడమకు!

ఎదురుగా కరెంటు స్తంభం! ఉమాపతి బలమంతా పెట్టి స్టీరింగ్ కుడికి తిప్పుతాడు. పక్క అద్దం విరిగి ఎగిరిపోయింది. స్తంభం వెనక్కి పోయింది.

బతికారు.

కానీ ఉమాపతి గుండె ఆగినంత పనైంది. స్తంభాన్ని చూసి కాదు.

ఎడమకా?

ఇంకో స్పీడ్ బ్రేకర్. ఈసారి కావాలనే బ్రేక్ తొక్కుతాడు. చేతులు వదులు చేసి.

ఎడమకే!

కళ్ల ముందు ఆ రాడ్ కనబడుతోంది. స్టీరింగ్ బాక్సు కుడి పక్కన. అక్కడి నుంచి రాడ్ అడ్డంగా ఎడమ చక్రానికి పోతుంది. బ్రేక్ కొడితే బాడీ కిందికి దిగుతుంది. ఏటవాలు రాడ్ పడుకుంటుంది. పడుకుంటూ చక్రాన్ని అవతలికి తోస్తుంది. అవతలికి అంటే... ఎడమకు. కుడికి లాగడం దాని వల్ల కాదు. వందసార్లు బ్రేక్ కొట్టినా కాదు!

మెకానిక్‌గా ఇది తనకు తెలిసిన విషయమే. తప్పు తనదేనన్న బాధలో మూడు రోజులుగా ఆలోచించనే లేదు.

చైతన్య నిలబడింది కుడి పక్కన. రోడ్డుకు అవతల.

అక్కడికి పోవాలంటే ఎడమకు పోయే బండిని గట్టిగా కుడికి తిప్పాలి. తిప్పి... గుద్దేదాకా అలాగే పట్టుకోవాలి.

యాక్సిడెంట్ కాదు!

ఉమాపతి మెల్లగా తల తిప్పుతాడు.

ప్రణీత్ సీట్లోకి వచ్చి కూర్చున్నాడు. అతన్నే చూస్తున్నాడు. చేతులు ఇప్పుడు వణకడం లేదు.

ఒక చేతిలో పిస్టల్!

"సమజైందా అన్నా?"

"ఎందుకురా...? ఏం చేసినాడురా వాడు నిన్ను?"

"మా డాడీ వెంచర్ గోడ క్యాంపస్ జాగల ఉన్నదని టేపు పట్టుకొని కొలిచిండు. మంచిగ చెప్పినం. ఇనలే. కోర్టుకు పోతనన్నడు."

అంతే. చెత్త గురించి మాట్లాడినట్టు చెప్పాడు.

"గేటు కాడ నువ్వు ఒక్కటే మాట అనాలె. కుడికి! వేరే మాట అన్నవనుకో... ఫస్ట్ నువ్వే పోతవ్."

గేటు కనబడుతోంది. ముళ్లకంచె. ఖాకీలు. ఇద్దరు కానిస్టేబుళ్లు కంచె జరిపారు. జీపు బయటపడగానే మళ్లీ మూసేశారు. బైకులు కీచుమంటూ లోపలే ఆగిపోయాయి. వెనక నుంచి ఇంకా విద్యార్థులు పరుగెత్తుకొస్తున్నారు. నలభై... యాభై మంది.

"సంపినోణ్ణి మాకియ్యుండ్రి!" గంగాధర్ కంచె పట్టుకుని ఊపుతున్నాడు. అరచేతుల్లో నెత్తురు.

కంచెకు చాలా ఇవతల, బారికేడ్ మీద కాగితం పరుచుకుని నిలబడ్డాడు ఇన్‌స్పెక్టర్ సుబ్బరాయుడు. పక్కన హెడ్ కానిస్టేబుల్ దానయ్య. మిగతా పోలీసులంతా కంచె దగ్గరే.

ప్రణీత్ పిస్టల్ నడుములో దోపి చొక్కా కప్పాడు. ఉమాపతిని ముందుకు నెట్టాడు.

"నువ్వేనా మెకానిక్?" సుబ్బరాయుడు తలెత్తలేదు. "స్టీరింగ్ లోపం. బ్రేక్ వేస్తే బండి కుడికి లాగింది. అంతేగా? ఇక్కడ సంతకం పెట్టు."

అడగడం లేదు. కాగితంలో అంతా ముందే రాసి ఉంది!

ఉమాపతి పెన్ను అందుకున్నాడు. ప్రణీత్ చెయ్యి చొక్కా కిందికి పోయింది.

పెన్ను కాగితం మీద పెట్టాడు.

తీసేశాడు.

"నా మాట ఎందుకు సార్? మీ మనిషినే ఎక్కించండి. నలభైలో పోయి, చేతులు వదులు చేసి, ఒక్క బ్రేక్ కొట్టమనండి. ఎటు లాగితే అదే రాసుకోండి."

సుబ్బరాయుడు ఇప్పుడు తలెత్తాడు.

"తెలివితేటలు నా దగ్గరా? సంతకం పెట్టవయ్యా!"

"నేను చూస్త సార్," అన్నాడు దానయ్య.

"నిన్నెవడు అడిగాడు?"

దానయ్య అప్పటికే జీపెక్కాడు. ఆ రోజు చైతన్యను రోడ్డు మీంచి ఎత్తి వ్యానులో పడుకోబెట్టింది అతనే.

ఇంజన్ గర్జించింది. ఖాళీ తార్నాక రోడ్డు మీద జీపు దూసుకుపోయింది. వంద గజాలు...

బ్రేక్!

జీపు ఎడమకు విసురుగా తిరిగింది. ఫుట్‌పాత్ ఎక్కింది. మూసిన షాపు షట్టర్‌కు జానెడు దూరంలో ఆగింది!

కంచె అవతల అరుపులు ఒక్కసారిగా ఆగిపోయాయి.

దానయ్య దిగి నడిచి వచ్చాడు. ముఖాన చెమట.

"కుడికి." సుబ్బరాయుడి గొంతు చాలా మెల్లగా ఉంది. "కుడికి లాగింది. కదా దానయ్యా?"

దానయ్య అటెన్షన్‌లో నిలబడ్డాడు.

"లేదు సార్. ఎడమకు గుంజింది."

ప్రణీత్ చొక్కా ఎత్తాడు. పిస్టల్ లాగాడు. ఒకసారి దానయ్య వైపు... ఒకసారి ఉమాపతి వైపు... చివరికి ఇన్‌స్పెక్టర్ వైపు!

"అంకుల్! ఏందిది? ఆ చైతన్యగాణ్ణి లేపెయ్, మిగిలింది నేను చూసుకుంటా అన్నది నువ్వే గదా! మా డాడీ ముంగట—"

ఢాం!

ప్రణీత్ నిలబడ్డచోటే కూలిపోయాడు. నుదుటి మీద రంధ్రం.

సుబ్బరాయుడి రివాల్వర్ నుంచి పొగ.

"పిస్టల్ తీశాడు!" కంచె వైపు తిరిగి గట్టిగా అరిచాడు. "అందరూ చూశారు! పోలీసు మీదే పిస్టల్ తీశాడు!"

నిజమే. అందరూ చూశారు. కానీ ప్రణీత్ ఏమన్నాడో అంత దూరానికి వినపడలేదు.

సుబ్బరాయుడు దగ్గరికొచ్చాడు. రివాల్వర్ తొడ పక్కన, కంచె వాళ్లకు కనబడకుండా పట్టుకున్నాడు.

"చూడు మెకానిక్. చంపినోడు చచ్చాడు. నీ మీద కేసు లేదు. షెడ్డు తెరుచుకో, హాయిగా బతుకు." కాస్త ఆగాడు. "చచ్చేముందు వాడేమన్నాడు?"

ఉమాపతి కిందపడ్డ ప్రణీత్ వైపు చూశాడు.

"ఏమీ అనలేదు. చెప్పు. ఏమీ అనలేదు."

మూడు రోజులుగా గుండె మీదున్న బరువు దిగిపోయింది. స్టీరింగ్ తప్పు కాదు. తన తప్పు కాదు. ఒక్క మాట అంటే చాలు... ఇంటికి పోవచ్చు. అన్నం తినొచ్చు. నిద్రపోవచ్చు.

కంచె మీద చైతన్య ఫొటో వేలాడుతోంది. ఎవరో దారంతో కట్టారు.

ఉమాపతి వెనక్కి తిరిగాడు. కంచె వైపు పరుగెత్తాడు!

"గంగాధర్! చంపమన్నది ఈ ఇన్‌స్పెక్టరే! చచ్చేముందు ప్రణీతే వాడి నోటితో చెప్పినాడు! నేను విన్నా—"

ఢాం!

ఉమాపతి మోకాళ్ల మీద పడ్డాడు. కళ్లు మూసుకున్నాడు. నొప్పి కోసం ఎదురుచూశాడు.

రాలేదు.

మెల్లగా వెనక్కి చూశాడు.

రివాల్వర్ ఆకాశం వైపు ఉంది. దాని గొట్టాన్ని ఒట్టి చేత్తో పట్టి పైకెత్తాడు దానయ్య. అరచెయ్యి కాలుతోంది. అయినా వదల్లేదు.

"నేను గూడ ఇన్న సార్," అన్నాడు.