సైరన్ మోగితే లోపలికి

ఎస్తేరును పోగొట్టుకున్న రోజు ముప్కాల్‌లో వాన లేదు. అయినా సైరన్ మోగింది. వడ్ల కొనుగోలు కేంద్రంలో సైరన్ అంటే వానే. రైతులు రోడ్డు మీది నుంచి లోపలికి పరుగెత్తి కుప్పల మీద పట్టాలు కప్పసాగారు. అప్పుడే షెడ్డు వెనక ఎవరో గ్యాస్ సిలిండర్ తెరిచారు. ఎస్తేరు సర్కారు దవాఖానలో నర్సు. జనాన్ని బయటికి తేవడానికి మూడుసార్లు లోపలికి వెళ్లింది. రెండుసార్లు తిరిగి వచ్చింది.

ఆమె భర్త స్వామి. ఏం పని చేస్తాడో ఊళ్లో ఎవరికీ తెలియదు. ఢిల్లీలో పేరు లేని ఒక విభాగం రికార్డుల్లో అతను ఏజెంట్ 41.

పదకొండో రోజు చీఫ్ లక్ష్మీనర్సయ్య అతన్ని నిజామాబాద్‌లోని సేఫ్ హౌస్‌కు పిలిచాడు.

"కావాలంటే సెలవులోనే ఉండు."

"బ్రీఫింగ్ చెప్పండి సార్."

"ముప్కాల్‌లో జరిగింది రిహార్సల్. చేసింది ఆర్కిడ్ అనే విదేశీ ముఠా. అసలు టార్గెట్ ఆర్మూర్ పసుపు యార్డు. రేపు పదకొండు గంటలకు, వేలం నడిచేటప్పుడు. క్లోరిన్."

"యార్డు మూసేద్దాం."

"మూస్తే ఇంకో ఊరికి పోతారు. ఏ ఊరో మనకు తెలియదు. రోజారాణి వాళ్ల మధ్యే ఉంది. రెండేళ్లుగా మన డబుల్ ఏజెంట్."

చీఫ్ ఒక వాచీ ఇచ్చాడు. క్లోరిన్ జాడ తగిలితే చాలు, డయల్ ఎర్రబడుతుంది.

స్వామి జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. ఎస్తేరు చేతిరాత. దవాఖాన ఎమర్జెన్సీ ప్లాన్ కోసం ఆరు నెలల కిందట పై ఆఫీసుకు పంపినదాని నకలు. వానకూ గ్యాస్‌కూ ఒకటే సైరన్ ఉంటే జనం లోపలికే పరుగెత్తుతారు, గ్యాస్‌కు వేరే మోత కావాలి అని రాసి ఉంది.

"ముందు ఆపరేషన్. ఇది తర్వాత," అన్నాడు చీఫ్.

మరునాడు స్వామి హమాలీ వేషంలో, భుజాన గోనెసంచితో యార్డులో ఉన్నాడు. రోజారాణిది ఎక్స్‌పోర్ట్ కంపెనీ కొనుగోలుదారు వేషం. నల్ల కళ్లద్దాలు, నీలం పట్టుచీర. ఆమె సెంటు పసుపు ఘాటును కూడా దాటి వస్తోంది. కుప్పలోంచి ఒక కొమ్ము తీసి విరిచింది.

"కొమ్ము ఎండిందా?"

కోడ్ అదే. "ఇంకో రెండెండలు తినాలె," అన్నాడు స్వామి.

"రెండో గేటు దగ్గర తెల్ల లారీ. సరుకు అందులోనే ఉంది," అందామె, పెదవులు కదలకుండా.

పదకొండుకు ఇంకా పది నిమిషాలు. స్వామి లారీ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వాచీ రంగు మారలేదు. వెనక్కి చూశాడు. రోజారాణి రోడ్డుకు అవతల, కారు పక్కన నిలబడి ముఖానికి మాస్కు తగిలించుకుంటోంది.

అంటే ఆమె రెండేళ్లుగా పనిచేసింది వాళ్లకే.

స్వామి యార్డంతా కలియజూశాడు. వేలం షెడ్డు వెనక ట్రాలీ మీద పసుపు ఉడికించే బాయిలర్ ఉంది. జనం దాన్ని రాసుకుంటూ నడుస్తున్నారు. కానీ పసుపు ఉడికించేది చేన్ల దగ్గర. యార్డుకు వచ్చేది ఎండిన కొమ్ము. ఇక్కడ బాయిలర్‌తో పనేమిటి?

దగ్గరికి వెళ్లాడు. డయల్ ఎర్రబడింది. మూత సందులోంచి చూస్తే లోపల సిలిండర్, దాని వాల్వుకు చిన్న మోటారు, టైమర్. మూత తాళం వేసి ఉంది.

అంతలో సైరన్ మోగింది. మోగించింది ముఠాయే, జనమంతా లోపల ఉండాలని. టైమర్ మీద రెండు నిమిషాలు కనిపించి, అంకెలు తగ్గసాగాయి.

చాయ్ హోటళ్ల నుంచి, చెట్ల నీడల నుంచి రైతులు లోపలికి ఉరికారు. "పట్టాలు గుంజుర్రి! వానొస్తున్నదట!" ఆకాశంలో మబ్బు లేదు. ఎవరూ తలెత్తి చూడలేదు.

"గ్యాస్! బయటికి పోండ్రి!" అని స్వామి అరిచాడు.

"నీ గ్యాస్ పాడుగాను, జర గీ కొస పట్టు," అని ఒకాయన పట్టా అంచు అతని చేతిలో పెట్టాడు.

స్వామి పట్టా వదిలేసి, వేలం గుమాస్తా రాజన్న చేతిలోంచి మైకు లాక్కున్నాడు.

"కాంటలు బయట రోడ్డు మీద పెట్టినం! ముందు లైన్ కట్టినోళ్లకే తూకం చీటీ!"

పట్టాలు ఎక్కడివక్కడ పడ్డాయి. జనం ఒకర్నొకరు తోసుకుంటూ గేట్ల వైపు పరుగెత్తారు. రామవ్వ అనే ముసలి రైతు ఒక్కతే తన కుప్ప మీంచి కదలలేదు.

"వానొస్తే నా కుప్ప ఎవడు కప్పుతడు?"

"నేను కప్పుత అవ్వా. నువ్వు పో."

"ఒట్టా?"

"ఒట్టు."

ఆమె వెళ్లింది. స్వామి హమాలీలు సంచులెత్తే ఇనుప కొక్కెంతో తాళం విరగ్గొట్టి మూత ఎత్తాడు. గొంతు మండింది. ముప్కాల్‌లో ఎస్తేరు పీల్చింది ఈ గాలినే. మోటారు తీగ తెంపాడు. టైమర్‌లో నాలుగు సెకన్లు మిగిలాయి.

కారులో పారిపోతున్న రోజారాణిని పక్కనే ఉన్న పెర్కిట్ దగ్గర చీఫ్ మనుషులు పట్టుకున్నారు. బయట కాంటలు లేవని తెలిసి జనం బూతులు తిడుతూ తిరిగొచ్చారు.

"రేపటి సంది నా మైకు మాట ఎవడు నమ్ముతడు?" అన్నాడు రాజన్న.

"నా కుప్ప కప్పినవా బిడ్డా?" అంది రామవ్వ.

"లేదవ్వా."

"ఒట్టేసి గూడ!"

సాయంత్రం స్వామి రిపోర్టుకు ఎస్తేరు కాగితం జతచేసి పంపాడు. పరిశీలిస్తాం అని జవాబు వచ్చింది. ఆరు నెలల కిందట ఎస్తేరుకు వచ్చిన జవాబూ అదే.

ఆర్మూర్‌లో వానకూ గ్యాస్‌కూ ఇప్పటికీ ఒకటే సైరన్. మోగితే జనం లోపలికే పరుగెత్తుతారు.