తన గ్లాసు తానే

ఉదయం ఏడు గంటలకు ప్రింటింగ్ ప్రెస్సు యజమాని తన కాఫీ గ్లాసును తానే కడుక్కునే మహాకార్యానికి ఉపక్రమించాడు. ఇంట్లోనూ ప్రెస్సులోనూ ముప్పయ్యేళ్లుగా ఆయన పాటిస్తున్న వ్రతమిది. శ్రమలో ఎక్కువ తక్కువలు లేవని ఆ గ్లాసు సాక్షిగా ఆయన లోకానికి చాటేవాడు. లోకం విన్నదో లేదో గాని, కుళాయి మాత్రం ధారాళంగా పారేది. భార్య పోయిన ఈ రెండు నెలల్లోనూ వ్రతభంగం కాలేదు.

వకీలైన కూతురు బల్లమీద కాగితాలు పరిచింది. ప్రెస్సును పదకొండుమంది పనివాళ్ల పేర రాసే పత్రాలవి. ఆస్పత్రి మంచం మీద భార్య అడిగితే, సరేనని ఆయన మాటిచ్చాడు.

"సంతకం పెట్టండి నాన్నా. తొమ్మిదింటికి వాళ్లొస్తారు."

"తొందరేముంది తల్లీ? చుట్టూ ఉన్నదంతా పెట్టుబడిదారీ లోకం. ఒక్క ప్రెస్సు పంచితే అది మారిపోతుందా? నేను వదిలేస్తే ఇంకెవడో మింగేస్తాడు. నా చేతిలో ఉంటేనే వాళ్లకి రక్షణ."

"రెండో మిషన్ కొన్నప్పుడూ ఇదే మాట. మేడ కట్టినప్పుడూ ఇదే మాట. లోకం మారేలోపు మనం మాత్రం పైఅంతస్తుకి మారాం."

"వాళ్లని పనివాళ్లుగా చూశానా ఎప్పుడైనా? అందరూ నోరారా 'అన్నా' అంటారు!"

"అక్కడే వచ్చింది చిక్కు! యజమానినైతే నిలదీస్తారు, అన్నని ఏ మొహంతో అడుగుతారు? కటింగ్ మిషన్ మొరాయిస్తోందని మీతో చెప్పడానికి మొహమాటపడి బైండర్ బాబాయ్ అమ్మతో చెప్పాడు. అమ్మ మీ చెవిన వేసేలోపే ఆయన రెండు వేళ్లు పోయాయి."

ఆయన ముఖం జేవురించింది.

"నా గ్లాసు నేను కడుక్కునే మనిషిని! నాకే పాఠాలా?" అంటూ గ్లాసును బల్లమీద ఠంగున పెట్టాడు.

కూతురు దాన్ని కిటికీ వెలుతురులోకి ఎత్తింది. అడుగున గోధుమరంగు మరకలు పొరలు పొరలుగా గట్టిపడి ఉన్నాయి.

"ఇదేమిటి? ఇదివరకు తళతళలాడేదే!" అన్నాడాయన.

"మీరలా వెళ్లగానే అమ్మ మళ్లీ తోమేది," అంది కూతురు. "ప్రెస్సులో బాబాయ్ తోముతాడు, ఆ చేత్తోనే. 'మీ నాన్నతో అనకే, చిన్నబుచ్చుకుంటారు' అనేది అమ్మ."

ముప్పయ్యేళ్లు ఉపన్యాసాలతో దద్దరిల్లిన ఆ గదిలో ఆయన గ్లాసు అందుకుని, అడుగున మరకను గోటితో గీకి చూశాడు. తరువాత కలం తీసి, కూతురు చూపిన ప్రతిచోటా సంతకం చేశాడు. గ్లాసు పట్టుకుని కుళాయి దగ్గరికి నడిచి, అక్కడే దారి తప్పినవాడిలా నిలబడ్డాడు.

"పీచు ఎక్కడుంటుందమ్మా?"

కూతురికి ఏడుపు ఆగలేదు. చెయ్యెత్తి చూపించింది. కుళాయి పక్కనే, సరిగ్గా ఆయన కళ్లకెదురుగా, భార్య తగిలించిన మేకుకే అది వేలాడుతోంది.