పగలు ఎవరూ ఉండని గది

మధ్యాహ్నం రెండున్నర. ఆసుపత్రి సిబ్బంది క్వార్టర్స్‌లో నాలుగో అంతస్తు, చివరి గది. కొలతలు సరిచూసుకోవడానికి వచ్చిన ఇంజనీరమ్మ, అట్టపెట్టె మీద లాప్‌టాప్ పెట్టుకుని చెమట తుడుచుకుంది. కప్పు నుంచి సెగ దిగుతోంది. వేసవి నుంచీ మూసి ఉంచిన గది. సున్నం వాసన. దాని అడుగున ఎక్కడో తడిగుడ్డ వాసన.

ఆమె పనంతా బ్రౌజర్‌లోనే. భవనం బొమ్మ గీసి, గోడలు, కిటికీలు, ఏ గదిలో ఎందరు ఏ వేళ ఉంటారో నింపితే, ఏ గది ఎంత కాగుతుందో, ఎంత కరెంటు కాలుతుందో ఆ వెబ్‌సైటే చెబుతుంది. మూడేళ్ళ కిందట, ఈ భవనం కట్టకముందు, దీనికి నింపిందీ ఆమే. పగలు పది నుంచి ఐదు దాకా మనుషులు: సున్నా. అందరూ పనికి పోతారు కదా అనుకుంది. అదే లెక్కతో ఇప్పుడు మరో పది భవనాలు లేవబోతున్నాయి. సాయంత్రంలోగా పంపాలి.

చివరి గదికి సున్నా కొట్టింది. దానంతటదే ఒకటి అయింది. మళ్ళీ సున్నా. మళ్ళీ ఒకటి.

గుమ్మం అవతలే నిలబడ్డాడు వాచ్‌మన్, తాళాల గుత్తితో.

"బాబాయ్, ఇక్కడ ఎవరుండేవాళ్ళు?"

"రాత్రి డ్యూటీ నర్సమ్మ. పగలంతా నిద్ర. వేడికి తాళలేక తడి తువ్వాలు మొహాన వేసుకుని పడుకునేది. మొన్న వేసవిలో ఓ రోజు..." గొంతు తగ్గించాడు. "లేవలేదమ్మా."

ఆమె వేళ్ళు ఆగిపోయాయి. చెమటోడ్చే ప్రతి మనిషీ లెక్కలోకి రావాలని చదువుకునే రోజుల్లో కాలేజీ గేటు ముందు నినాదాలిస్తూ గొంతు చించుకున్నది తనే. సున్నా కొట్టిందీ తనే.

ఒకటి ఉంచి లెక్క కట్టించింది. నలభై మూడు డిగ్రీలు. తెర మీద ఆ గది గడి ఎర్రబడింది. ఆఫీసులో పై సారుకి ఫోన్ చేసింది.

"ఒకటేంటి, నీ మొహం! అది ఉంటే పది భవనాలకీ కప్పు మీద వేడి ఆపే పొర వేయించాలి. నా తలప్రాణం తోకకొస్తుంది. సున్నా పెడతావా, రేపట్నుంచి రావడం మానేస్తావా?"

"మనిషి చనిపోయింది సార్..."

"చనిపోతే ఇంక సున్నాయే కదమ్మా!"

ఇంట్లో జీతం ఆమెదొక్కటే. సున్నా కొట్టింది. ఈసారి నిలిచింది. కళ్ళు మూసుకుని పంపేసింది.

టప్.

నేల మీద నీటి చుక్క. గదిలో కుళాయే లేదు.

టప్... టప్...

తడిగుడ్డ వాసన దగ్గరికొచ్చింది. తెర మీద సున్నా కరిగింది.

రెండు.

"బాబాయ్..."

తలుపు మూసి ఉంది. ఎప్పుడు మూశాడు? అరవబోయింది. మొహం మీద చల్లగా, బరువుగా, తడిగా ఏదో పరుచుకుంది.

కింద మెట్ల దగ్గర ఎవరో అడుగుతున్నారు. "తాళం వేసేశావా? పైన ఎవరైనా ఉన్నారేమో?"

ఎవరినీ పైకి తీసుకెళ్ళనే లేదన్నట్టు వాచ్‌మన్ నవ్వు వినిపించింది.

"పగటిపూట ఎవరుంటారండీ... ఎవరూ లేరు."