ఖాళీగా పంపకూడని బుట్ట

హవానా పాత పేటలో ఒక మూల మేడ ఉంది. చీకటి పడ్డాక దాని కింద నుంచి ఎవరూ నడవరు. తప్పనిసరైతే రోడ్డు దాటి అవతలి పక్కనుంచి పోతారు... తల మాత్రం పైకెత్తరు.

ఆ మేడకి మెట్లు కూలిపోయి ఏళ్లయింది. పై అంతస్తుకి దారే లేదు. అయినా సందె వేళ రొట్టెలవాడి ఈల వినపడగానే ఆ బాల్కనీ నుంచి ఒక బుట్ట దిగుతుందట— తాడు కట్టి, మెల్లగా.

ఈ కథ సముద్రం ఇవతల, మనవాళ్లు స్థిరపడ్డ నేపర్‌విల్ ఊళ్లో, తెలుగు చర్చిలో, ఆరాధన అయ్యాక భోజనాల బల్ల దగ్గర బయటపడింది. దెయ్యాల ఊసెత్తకూడని చోటే ఇలాంటివి జోరుగా నడుస్తాయి. లూసీ ఎవరి చెవిలోనో చెప్పింది. చెవిలో పడ్డాక అది దాగుతుందా?

లూసీ, భర్త రత్నరాజు, ఆరేళ్ల కూతురు అబిగేల్ స్ప్రింగ్ బ్రేక్‌కి హవానా వెళ్లారు. రత్నరాజుకి పాత కార్ల పిచ్చి. గులాబీ రంగుది కనపడితే ఒక ఫొటో, ఆకుపచ్చది కనపడితే ఇంకో ఫొటో. సముద్రం గోడ మీద పెళ్లాం బిడ్డల్ని కూర్చోబెట్టి తీయమంటే మాత్రం ఫోన్‌లో ఛార్జింగ్ ఉండేది కాదు. నీళ్ల సీసాలు, అరటిపళ్లు, రొట్టె— బజారు పనులన్నీ లూసీ నెత్తినే పడ్డాయి.

బస ఇచ్చిన ఇంటావిడ మెర్సెడెస్ ఆ పేట పద్ధతి చెప్పింది. మేడల మీద వాళ్లు రొట్టె కోసం కిందికి దిగరు. బుట్ట దించుతారు. రొట్టెలవాడు అందులో రొట్టె వేసి తాడు రెండుసార్లు లాగుతాడు. పైవాళ్లు చేదుకుంటారు.

"మూల మేడ బుట్టలోనూ వెయ్యొచ్చు, మంచిదే," అంది గొంతు తగ్గించి. "అందులోంచి మాత్రం ఏదీ తీసుకోకు."

"ఎవరుంటారు అక్కడ?"

మెర్సెడెస్ సిలువ గుర్తు వేసుకుని లోపలికి పోయింది. లూసీ నవ్వుకుంది. ఐసీయూలో నైట్ డ్యూటీలు చేసిన నర్సు, బుట్టకి భయపడుతుందా?

మర్నాడు సాయంత్రం కరెంటు పోయింది. ఆ ఊళ్లో అది రోజూ ఉన్నదే. రొట్టె కొనుక్కుని వస్తుంటే మూల మేడ మలుపులో అబిగేల్ చెయ్యి విడిపించుకుంది.

"మమ్మీ, లుక్! డాల్!"

బుట్ట సరిగ్గా పిల్ల ఎత్తుకి దిగి ఆగింది. అందులో పాత గుడ్డబొమ్మ. లూసీ వద్దనేలోపే పిల్ల దాన్ని గుండెకి హత్తుకుంది.

లూసీ తలెత్తి చూసింది. ఎవరూ లేరు... తాడు మాత్రం కదులుతోంది.

బొమ్మ తిరిగి పెట్టించబోతే అబిగేల్ ఏడుపు లంకించుకుంది. లూసీది బందరు. పక్కింటి గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదే, ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వెయ్యి— అని వాళ్లమ్మ చిన్నప్పట్నుంచీ నూరిపోసింది. అలవాటైన చెయ్యి ఊరుకోదు కదా. రొట్టె తీసి బుట్టలో పెట్టేసింది. తాడు రెండుసార్లు లాగేసింది కూడా.

బుట్ట చీకట్లోకి పోయింది.

ఇంటికొచ్చాక మెర్సెడెస్ ఆ బొమ్మని చూసి కుర్చీలో కూలబడింది.

"ఆ పైనుండే ఆవిడ కూతురు రొట్టె కోసం దిగుతుంటే మెట్లు కూలి పిల్ల పోయింది," అంది గుసగుసగా. "తల్లి పైన చిక్కుకుపోయింది. పిల్ల కోసం బుట్ట దించుతూ, దించుతూనే పోయింది... ఆ బొమ్మ ఎవరు తీసుకుంటే వాళ్లే తన పిల్ల అనుకుంటుంది."

"రేపే వెళ్లిపోదాం," అంది లూసీ.

రత్నరాజు నవ్వాడు. "ఫ్లైట్ ఎల్లుండి కదా. బొమ్మకి భయపడి టికెట్ ఛేంజ్ చేశానంటే ఆఫీస్‌లో నవ్వుతారు."

ఆ మర్నాడు సందె వేళ పిల్లని రత్నరాజుకి అప్పగించి లూసీ నీళ్లకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆయన ఒక నీలం కారు బానెట్‌లో తల దూర్చి ఉన్నాడు.

"అబీ ఏదండీ?"

"ఇక్కడే ఉండాలే..."

దూరంగా రొట్టెలవాడి ఈల. లూసీ సీసాలు వదిలేసి మూల మేడ వైపు పరుగెత్తింది.

ఈసారి దిగింది చిన్న బుట్ట కాదు. ఉతికిన బట్టలు వేసేంత పెద్దది. అందులో అబిగేల్ కూర్చుని ఉంది, ఒళ్లో బొమ్మతో, కిలకిలా నవ్వుతూ. బుట్ట అప్పటికే నేల వదిలింది.

లూసీ రెండు చేతులా పట్టుకుని వేలాడింది. పైనుంచి తాడు లాగుతూనే ఉంది... మొరటుగా కాదు, జాగ్రత్తగా, పిల్ల అదిరిపోకుండా. ఎలాగో అబిగేల్‌ని బయటికి లాగి పడేసింది.

ఖాళీ బుట్ట గాల్లో ఆగిపోయింది. పైన ఎవరో వెక్కుతున్నారు.

 ఆ ఏడుపు విని లూసీకి పారిపోబుద్ధి కాలేదు. అబిగేల్ టీషర్టు మీద తొడిగిన పసుపు గౌను విప్పింది. బొమ్మని అందులో చుట్టి, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు బుట్టలో పెట్టింది.

"నీ బిడ్డేనమ్మా... తీసుకో."

తాడు రెండుసార్లు లాగింది. బుట్ట పైకి వెళ్లింది. వెక్కిళ్లు ఆగి, తెలియని భాషలో జోల పాట మొదలైంది.

నేపర్‌విల్ వచ్చేశారు. వారాలు గడిచాయి. లూసీ గుండె కుదుటపడింది.

ఒక సాయంత్రం హాల్లో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. మేడ మీద రెయిలింగ్ నుంచి ఏదో దిగింది. అబిగేల్ ఈస్టర్ బుట్ట, దానికి స్కిప్పింగ్ తాడు.

తండ్రీ కూతుళ్లు స్విమ్మింగ్ క్లాస్ నుంచి ఎప్పుడొచ్చారో, చప్పుడైనా చెయ్యలేదు. "చాల్లే నీ ఆటలు," అని నవ్వుతూ బుట్టలోది చేతిలోకి తీసుకుంది.

పసుపు గౌను. ఉతికి, ఇస్త్రీ చేసి మడిచి ఉంది. మడతలో రొట్టె... ఇంకా వేడిగా.

గిన్నె ఖాళీగా పంపకూడదని ఆవిడకీ ఎవరో నేర్పినట్టున్నారు.

అప్పుడే గరాజ్ తలుపు లేచిన చప్పుడు. బయటినుంచి అబిగేల్ కేక— "మమ్మీ, వి ఆర్ హోమ్!"

లూసీ తలెత్తలేదు. ఖాళీ అయిన బుట్ట పైకి పోకుండా, పిల్ల ఎత్తుకి దిగి ఆగింది. గుమ్మంలో అబిగేల్ అడుగులు పరుగెత్తుకొస్తున్నాయి.

పైనుంచి ఎవరో తాడుని రెండుసార్లు లాగారు.