సగం గీతల బొమ్మ

గెంచో పెత్రునొవ్ తలుపు తీశాడు. ఎదురుగా లిఫ్టు బాగుచేసేవాడి బట్టల్లో ఒక మనిషి. రెండు గుళ్ళు పేలాయి. వచ్చినవాడు తాపీగా మెట్లు దిగి ప్లోవ్‌దివ్ ఊరి సందుల్లో కలిసిపోయాడు. పోలీసులు వచ్చేసరికి లోపల టీవీ ఇంకా మోగుతూనే ఉంది. సాయంత్రం వంటల కార్యక్రమం ముగిసి గంటయింది.

రెండు రోజుల తర్వాత సోఫియాలో గూఢచారి శాఖ కర్నల్ రుమ్యానా తన మనిషి యావొర్ బోనెవ్‌ని పిలిపించింది.

"గెంచో వర్నా రేవులో క్రేన్ నడిపేవాడు. క్షిపణుల భాగాలున్న పెట్టెల్ని ఓడ ఎక్కించింది అతనే. ఇక మనకి మిగిలిన సాక్షి ఆ ఓడ రేడియో ఆఫీసరు అసెన్ ఒక్కడే. రేపు జడ్జి ముందు నోరు విప్పేదాకా ఆయన బతికుండాలి."

"ఆయన ఎక్కడున్నాడో మనకి తప్ప ఎవరికీ తెలియదు మేడమ్."

"గెంచో విషయంలోనూ అలాగే అనుకున్నాం. ఏమైంది?"

"పోనీ ఇల్లు మార్చేద్దామా?"

"మనకున్నవి రెండు ఇళ్ళు. వాళ్ళకి ఏది తెలిసిందో తెలియకుండా ఎక్కడికి మారుస్తావ్? దారిలోనే కొట్టేస్తారు. ముందు నెవెనాని కలువు."

యావొర్ మీసం అంటించుకుని, ఆప్రాన్ కట్టుకుని, ఆడవాళ్ళ బజారులో మసాలా దినుసుల బండి పక్కన నిలబడ్డాడు. ఎర్ర కోటులో నెవెనా కరాజొవా వస్తుంటే బజారంతా బేరాలు మానేసి అటే చూసింది. వంటల కార్యక్రమం నడిపేది ఆవిడే. ఆ క్షిపణుల ముఠా దగ్గర జీతం తీసుకుంటూ, వాళ్ళ కబుర్లు మన శాఖకి మోసేదీ ఆవిడే.

"చూబ్రిత్సా ఎండాకు ఉందా?" అంది.

"పోయినేడాదిది ఉంది."

"అదే వాసన బాగుంటుంది." సంకేతం కుదిరింది. ఆవిడ గొంతు తగ్గించింది. "ఇవాళ మా కార్యక్రమంలో హంతకులకి మళ్ళీ కబురు పంపుతున్నారు. మా డైరెక్టరు పొద్దున్నే తన పెట్టె ఒకటి తెచ్చి ప్రసారం మిషన్లకి తగిలించాడు. కిందటిసారి అది తగిలించిన రోజే గెంచో పోయాడు."

"ఎందులో పంపుతారు? నీ మాటల్లోనా?"

"నా మాటలు నేనే రాసుకుంటాను బాబూ. హంతకులు ఫోన్లు ముట్టుకోరు, టీవీ చూస్తారు. అంతవరకే నాకు తెలుసు. మీ శాఖవాళ్ళు నెల రోజులుగా నా కార్యక్రమం రికార్డు చేస్తున్నారుగా, అంతమంది ఉండి కనిపెట్టలేరూ?" నల్ల కళ్ళద్దాల వెనక నుంచి చెంప మీదికి తడి జారింది. "నాకు భయంగా ఉంది యావొర్."

యావొర్‌కీ భయంగానే ఉంది. అక్కడినుంచి అసెన్ దగ్గరికి వెళ్ళాడు. రోజూలాగే జున్ను పెట్టిన వేడి బనిత్సా రొట్టెల పొట్లం పట్టుకెళ్ళాడు. ముసలాయన తింటూ విసుక్కున్నాడు.

"ఒరేయ్ అబ్బాయ్, ఈ డొక్కు టీవీని తీసుకెళ్ళి పారెయ్. ఆ వంటలమ్మాయి వెనకాల గోడ పలకలు ఒకటే వణకడం! మొన్నయితే నా కళ్ళే పోయాయనుకున్నా."

"మిగతా కార్యక్రమాల్లో వణకవా బాబాయ్?"

"మిగతావాటికి ఏ రోగమూ లేదు."

గెంచో చచ్చిపోయిన రోజు రికార్డింగుని అతను పదిసార్లు చూశాడు. అందులో ఒక్క పలక కూడా కదల్లేదు.

శాఖలో రికార్డింగులు చేసేది ప్లామెన్. యావొర్‌కి బడి రోజుల నుంచీ స్నేహితుడు.

"వణకడమా?" ప్లామెన్‌కి రోషం వచ్చింది. "నా బొమ్మ అద్దంలా ఉంటుంది, కావాలంటే చూసుకో."

"నా ఏడుపూ అదేరా! అసలు నువ్వు దాన్నేం చేస్తావ్?"

"టీవీ బొమ్మ రెండు వాయిదాల్లో వస్తుంది. ముందు బేసి గీతలు, తర్వాత సరి గీతలు. నేను సగం సైజులో రికార్డు చేస్తాను. అంటే బేసి గీతలే ఉంచి, సరివి వదిలేస్తాను. మచ్చలు తుడిచే ఫిల్టరు వేసి, ఫైలు చిన్నదయ్యేలా బిట్‌రేట్ తగ్గిస్తాను. కుడి ఎడమ శబ్దాల్ని కలిపి మోనో చేసేస్తాను. కార్యక్రమాలన్నీ ఒక్క సీడీలో సర్దుకుంటాయి."

"సీడీలో సర్దమని నీకెవడు చెప్పాడు?"

"ఎవడూ చెప్పలేదు. అందరం అలాగేగా చేస్తాం!"

అదీ నిజమే. మేడల మీదుగా ఇంటింటికీ నెట్ తీగలు లాక్కుని సినిమాలు పంచుకునే మా ఊళ్ళో, ఒక్క సీడీలో పట్టని సినిమాని ఎవడూ ముట్టుకోడు. అయినా యావొర్ మనసులో ముల్లు గుచ్చుకుంది. వీడిది అలవాటా, ద్రోహమా? చిన్నప్పటి స్నేహితుణ్ణి అలా అనుమానించాల్సి వచ్చినందుకు అతనికి తనమీద తనకే అసహ్యం వేసింది.

"మొన్నటి సరి గీతలు ఎక్కడైనా ఉన్నాయా?"

"లేవు. అవి అసలు డిస్కులోకే రాలేదు." ప్లామెన్ మొహం పాలిపోయింది. "అంటే గెంచోని కాపాడే కబురు... నేనే పారేశానా?"

"ఇవాళ్టి కార్యక్రమానికి ఇంకా టైముంది," అన్నాడు యావొర్.

కార్యక్రమం మొదలయ్యేలోగా ప్లామెన్ సెట్టింగులన్నీ మార్చాడు. పూర్తి సైజు. రెండు రకాల గీతలూ ఉండాలి. ఫిల్టర్లు వద్దు. చుక్క కూడా పారెయ్యని కోడెక్. శబ్దం స్టీరియోలో, నొక్కకుండా.

తెర మీద నెవెనా నవ్వుతూ మిరపకాయల్లో కూరు పెట్టడం మొదలుపెట్టింది. డిస్కులో ఖాళీ జాగా గబగబా తరిగిపోతోంది.

"చివరిదాకా పడుతుందా?"

"పట్టదు."

"ఏదైనా చెరిపెయ్యరా!"

ప్లామెన్ చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. డిస్కులో సగానికి పైగా ఒకే ఒక్క ఫైలు. దాని పేరు 'జర్మనీ'. పదేళ్ళ కిందట ఫుట్‌బాల్ ప్రపంచకప్పులో బల్గేరియా జర్మనీని ఓడించిన మ్యాచ్ అది.

"మా నాన్న టేపులోంచి ఎక్కించా. ఆ టేపుని మిషను నమిలేసింది. ఆయనా పోయాడు. ఇదొక్కటే మిగిలిందిరా."

"దీన్ని మాత్రం ఏమీ కుదించకుండా దాచుకున్నావేం?"

"మ్యాచ్ రా ఇది!"

అంతలో తెర మీద ఎర్ర అక్షరాలు వెలిగాయి: జాగా అయిపోతోంది. యావొర్ మౌస్ లాక్కోబోయాడు. ప్లామెన్ అతని చెయ్యి తోసేసి, తనే నొక్కాడు. ఫైలు పోయింది. రికార్డింగు ఆగలేదు. ప్లామెన్ ముక్కు చీదుకున్నాడు. యావొర్ మనసులోని అనుమానం అక్కడితో తీరిపోయింది.

కార్యక్రమం అవగానే సరి గీతల్ని విడదీశారు. నెవెనా వెనక గోడ మీద పలకలు ఎక్కడపడితే అక్కడ మెరిసి ఆరిపోతున్నాయి.

"ఇందులో అర్థం ఏముందిరా?"

"ఆగు." ప్లామెన్ ఎడమ శబ్దంలోంచి కుడి శబ్దాన్ని తీసేశాడు. కత్తి చప్పుడు, నూనె చిటపట మాయమయ్యాయి. సన్నగా టిక్కుమనే చప్పుడు మిగిలింది. "చూశావా? ఎడమదీ కుడిదీ ఒకదానికొకటి తలకిందులు, మోనోలో కలిపితే చచ్చిపోయేది ఇదే."

టిక్కుమన్న చోటల్లా బొమ్మని ఆపారు. మెరిసిన పలకలు కలిసి ఒక్కో అక్షరంలా నిలబడ్డాయి.

రాకొవ్‌స్కి వీధి. మూడో అంతస్తు. రేడియేటర్ మీటరు.

అసెన్ ఉన్న ఇల్లు అదే. యావొర్ గబగబా ఫోన్ నొక్కాడు.

"ఆగరా అబ్బాయ్," అన్నాడు అసెన్ అవతల. "ఎవడో బెల్లు కొడుతున్నాడు. ఇల్లు వేడిచేసే రేడియేటర్ మీటరు చూడాలట. కింద కాపలా ఉన్న మనవాడే పంపాడట."

"బాబాయ్! తలుపు ముట్టుకోకు! నేల మీద పడుకో!"

రెండు పేలుళ్ళు వినిపించాయి. చెక్క చీలిన చప్పుడు. మెట్ల మీద పరుగులు, అరుపులు, పెనుగులాట. ఆ తర్వాత ఏమీ వినపడలేదు.

"బతికే ఉన్నానురా," అంది ఫోన్ చివరికి. "వాణ్ణి మనవాడు మెట్ల మీదే పడేశాడు."

ఆ సాయంత్రమే డైరెక్టరుకి బేడీలు పడ్డాయి. నెవెనాని స్టూడియో వెనక గుమ్మం లోంచి తప్పించారు. ఎక్కడికో యావొర్‌కి కూడా చెప్పలేదు.

"ఆ ఇల్లు వాళ్ళకెలా తెలిసింది మేడమ్?" అని అడిగాడతను.

"నీ వెనకాలే వచ్చుంటారు," అంది రుమ్యానా. "రోజూ బనిత్సా మోసుకెళ్ళింది నువ్వేగా?"

మర్నాడు అసెన్ జడ్జి ముందు అంతా చెప్పాడు. ప్లామెన్ ఆ వారమే ప్లోవ్‌దివ్ వెళ్ళి, గెంచో సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించి వచ్చాడు. అక్కడ ఎంతసేపున్నాడో, ఏం అన్నాడో ఎవరికీ చెప్పలేదు.

యావొర్ పేటపేటా తిరిగి, కనిపించినవాణ్ణల్లా బతిమాలి, చివరికి జర్మనీ మ్యాచ్ ఒకటి సంపాదించి తెచ్చాడు. ఎవడో పుణ్యాత్ముడు దాన్ని మచ్చలన్నీ తుడిచి, చక్కగా ఒక్క సీడీలోకి కుదించాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చూశారు. ఆటగాళ్ళు పరిగెత్తారు, గోలీ దూకాడు, జనం లేచి గంతులేశారు. బంతి మాత్రం మొదటినుంచి చివరిదాకా ఎక్కడా కనపడలేదు.