కారని ఏనుగు

"రంగులు నావే, పువ్వులు నావే. చెయ్యి మాత్రం నాది కాదమ్మా," అన్నాడు చిత్రకారుడు, బ్రష్షులు కడుక్కుంటూ. "నేను వేసిన ఏనుగును ఎవరో ఎత్తుకుపోయి, దాని చోట ఇంకోటి నిలబెట్టారు. అదెక్కడుందంటే..."

కిటికీ అద్దం భళ్లున పగిలింది. తూటా అతని గొంతును చీల్చుకుపోయింది. వెనకున్న తెల్ల కాన్వాసు ఎర్రబడింది.

ఏజెంట్ 'పిన్ని' నేలకు కరుచుకుపోయింది. మెట్ల మీద బూట్ల చప్పుడు. చంపినవాడు పని పూర్తయిందో లేదో చూసుకోవడానికి వస్తున్నాడు. తలుపు తెరుచుకోగానే టర్పెంటైన్ డబ్బా అతని కళ్లలోకి విసిరింది. అతను కెవ్వుమనేలోపు గొడుగు పిడిలోని కత్తి పక్కటెముకల మధ్య దిగింది. రెండోసారి తిప్పేసరికి అతను కూలిపోయాడు, కత్తి విరిగి లోపలే ఉండిపోయింది. ఆఫీసువాళ్లు ఇచ్చిన సామాను ఎప్పుడూ ఇంతే.

ఆమె ఫోన్ తీసింది. "పెదనాన్నా, పెద్దాయన పోయాడు. పోగొట్టినవాడూ పోయాడు."

ఆ ఆఫీసులో కోడ్ పేర్లన్నీ చుట్టరికాలే. దొంగచాటుగా ఎవరు విన్నా ఏదో పెళ్లిగోల అనుకోవాలని. పెదనాన్న అంటే చీఫ్. పెళ్లికూతురంటే బాంబు.

"పెళ్లికూతురు ఏ ఏనుగులో ఉందో చెప్పాడా?"

"చెప్పబోతుంటేనే కాల్చారు."

"విను. ఊరంతా రంగుల ఏనుగు బొమ్మలు నిలబెట్టారు. ఇవాళే ఆఖరు. సెలవు కూడా కదా, జనం మ్యాపులు పట్టుకుని పిల్లలతో వాటిని వెతుక్కుంటూ తిరుగుతున్నారు. ఖాళీ చేయించామా, ఆ విదేశీ ముఠా రిమోట్ నొక్కేస్తుంది. చడీచప్పుడూ లేకుండా పట్టుకోవాలి. వదినను పంపుతున్నా. ముఠాలో ఉన్న మన మనిషి."

"మా ఆయనా, అమ్మాయీ ఆ ఏనుగుల కోసమే తిరుగుతున్నారు పెదనాన్నా."

"అయితే త్వరగా కానీ."

భర్తకు ఫోన్ చేసింది. అత్తగారు ఎత్తారు. "వాడు చార్జింగ్‌లో పెట్టి మర్చిపోయి వెళ్లాడే. కనబడితే నా కళ్లజోడు రిపేరు సంగతి గుర్తు చెయ్యి."

వదిన కారులో వచ్చింది. ఎర్ర కోటు, నల్ల కళ్లద్దాలు, దారిన పోయేవాళ్లు స్తంభాలకు గుద్దుకునేంత అందం.

"స్టేషన్ పక్కనున్న నీలం ఏనుగు. ఖాయం," అంది.

పొద్దుటి వాన అప్పుడే వెలిసింది. దారిలో మ్యూజియం మెట్ల దగ్గర, బ్యాంకు మలుపులో, ఏ ఏనుగును చూసినా పొట్ట కింద టప్ టప్‌మని నీళ్లు కారుతున్నాయి. ఫైబర్ బొమ్మలు, లోపలంతా డొల్ల. అతుకుల్లోంచి దిగిన వాన నిలవకుండా కింద కన్నం వదిలారు. ఇంట్లో కారే ప్రతి కుళాయితోనూ పోట్లాడే మనిషి కనుక పిన్ని చూపు అటే పోయింది. పార్కు గేటు దగ్గరి పసుపు ఏనుగు కింద మాత్రం నేల పొడిగా ఉంది. చెట్టు నీడన ఉంది కదా అనుకుంది.

పార్సెల్ గోడౌన్ పక్కన, మనుషుల అలికిడి లేని చోట నీలం ఏనుగు నిలబడి ఉంది. ధారగా కారుతూ.

పిన్ని కారు దిగి వంగి చూసింది. "వదినా, కారే గిన్నెలో కరెంటు సామాను పెడతారా ఎవరైనా?"

"అంటే?"

"కన్నం మూసేసి పెడతారు. నన్నిక్కడికెందుకు తీసుకొచ్చావ్?"

వదిన నవ్వింది. "ఇల్లు చూసుకుంటూ కూచుంటే బతికిపోయేదానివి పిన్నీ." కారు తలుపు కాస్త తెరిచి, కూచున్న చోటి నుంచే పిస్తోలు బయటికి చాచింది.

పిన్ని ఆ తలుపును బలమంతా పెట్టి తన్నింది. వదిన మణికట్టు ఎముక పుటుక్కుమంది. పిస్తోలు మురుగు కాలువలో పడిపోయింది. వదిన గోళ్లతో మొహం మీదకు దూకింది. పిన్ని చెంప చీరుకుపోయింది. జుట్టు పట్టి ఆ తలను ఏనుగు దిమ్మకేసి కొట్టింది. ఇంకోసారి. రెండిళ్ల తిండీ తిన్న ఆ నోట్లోంచి పళ్లు రాలాయి. వదిన మళ్లీ లేవలేదు.

పసుపు ఏనుగు!

పార్కు గేటు దగ్గర ఇసకేస్తే రాలని జనం. పసుపు ఏనుగు తొండాన్ని కావిలించుకుని ఆమె కూతురు.

"అమ్మా! అమ్మా, ఇటు!"

పరిగెత్తితే రిమోట్ పట్టుకున్నవాడు నొక్కేస్తాడు. పిన్ని కూతురి కళ్లలోకి ఎవరో పరాయి పిల్లను చూసినట్టు చూసి, ముందుకు నడిచింది.

"ఏమోయ్, మమ్మల్నే!" అన్నాడు భర్త. తర్వాత కూతురితో, "చూశావా మీ అమ్మ టెక్కు?"

ఆమె కళ్లు గుంపును జల్లెడ పట్టాయి. అంతమంది పిల్లలుండగా, వాళ్లకు దూరంగా గోడవార నిలబడ్డ బెలూన్లవాడు. పిల్లల దగ్గరికి పోని బెలూన్లవాణ్ని ఆమె ఏనాడూ చూడలేదు.

"బెలూనెంతబ్బాయ్?"

"అమ్మేవి కాదు. పో."

"బేరం కూడా ఆడనివ్వవా?"

అతని చూపు ఆమె చెంప మీది నెత్తురు దగ్గర ఆగింది. చెయ్యి జేబులోంచి బయటికొచ్చింది. రిమోట్ మూత లేచింది. బొటనవేలు మీట మీదికి దిగుతోంది.

పిన్ని దగ్గర కత్తి లేదు, పిస్తోలు లేదు. ఆ బొటనవేలిని నోటితో అందుకుని కొరికింది. ఎముక తగిలేదాకా కొరికింది. అతను రెండో చేత్తో ఆమె తల మీద పిడిగుద్దులు గుద్దాడు. ఆమె వదల్లేదు. రిమోట్ గడ్డిలో పడింది. బెలూన్ల దారాలన్నీ కలిపి అతని మెడకు చుట్టి, వీపు మీద మోకాలు ఆన్చి లాగింది. కాళ్లు కొట్టుకుని ఆగిపోయాయి. తెగిన దారాలతో బెలూన్లు పైకి లేచాయి. ఏనుగు దగ్గరి పిల్లలు చప్పట్లు కొట్టారు.

"పెళ్లి తప్పిపోయింది పెదనాన్నా," అని ఫోన్‌లో చెప్పి, గోడకు చేరగిలబడింది.

బాంబు స్క్వాడ్ వచ్చి జనాన్ని వెనక్కి తోసింది. భర్త ఆమె మొహం చూసి, రుమాలు తీసిచ్చాడు. కూతురు మాత్రం మ్యాపు ముందు పెట్టింది. "అమ్మా, ఇది దొంగ ఏనుగని పోలీసంకుల్ చెప్పాడు. అయితే అసలుది మాకింకా దొరకనట్టేగా?"

"రేపు వెతుకుదాంలేవే," అన్నాడు తండ్రి.

"రేపు ఉండవు నాన్నా. తీసేస్తారు."

పిన్ని గోడ పట్టుకుని లేచింది. "సరే పదండి. ముందు నన్ను నోరు పుక్కిలించుకు రానివ్వండి."