తూనీగ రెండోసారి అడగడు

“తొంభై రెండో పేజీ తప్పు,” అంది ఆమె, తలుపు తోసుకుని వస్తూనే.

“గుడ్ మార్నింగ్ చెప్పే అలవాటు కూడా పోయిందా రిజిస్టర్ గారికి?” అన్నాడు రైటర్, కుర్చీలోంచి కదలకుండా.

“మధ్యాహ్నం రెండైంది. అదీ తప్పే.”

ఆమె పనే అది మరి, తప్పులు పట్టుకోవడం. తూనీగ అనే సూపర్ హీరో మీద నాలుగు సినిమాలొచ్చాయి. ఇది ఐదోది, ఆఖరిది. గాయం ఏ భుజానికి తగిలింది, దేనికి భయపడతాడు, ఏ మాట చచ్చినా అనడు, అన్నీ ఆమె ఎర్ర అట్ట పుస్తకంలో ఉంటాయి. ఆకాశంలో ఎగిరేవాడికి లిఫ్టంటే భయమని జనం మర్చిపోయినా ఆమె మర్చిపోదు. ఆమె సంతకం లేకుండా ఒక్క పేజీ షూటింగ్‌కి వెళ్లదు. అందుకే మొదటి సినిమా రోజుల్లోనే రైటర్ ఆమెకి రిజిస్టర్ అని పేరు పెట్టాడు, ముద్దుగా.

ఇప్పుడా ముద్దు లేదు. రెండేళ్లుగా ఇద్దరి మధ్యా పేజీ నంబర్లు తప్ప మాటల్లేవు.

“ఏంటి తప్పు?”

“వంతెన మీద తూనీగ డాక్టరమ్మని ‘నాతో వచ్చెయ్’ అంటున్నాడు. నాలుగో భాగంలో అడిగాడు, ఆవిడ ‘ఇప్పుడు కాదు’ అంది. అయిపోయింది. తూనీగ ఏదీ రెండోసారి అడగడు. జైల్లో దాహంతో నాలుక పిడచకట్టుకుపోతున్నా రెండోసారి నీళ్లడగలేదు. ఈ రూల్ ఎవరు పెట్టారు? మీరే!”

కోపమొస్తే ఆమె ‘మీరు’లోకి దిగిపోతుంది. రైటర్ నవ్వాపుకున్నాడు.

“మనుషులు మారతారు కదా.”

“మారొచ్చు. కానీ మారడానికో సీనుండాలి. సీన్ లేకుండా మారితే థియేటర్లో ఈలలు పడవు, చెప్పులు పడతాయి.”

“నీవేనా?”

“ముందు నావే.”

బయట వాన మొదలైంది. ఇద్దరూ ఒకేసారి కిటికీ వైపు చూశారు. ఒకేసారి చూపు తిప్పుకున్నారు.

మూడో సినిమా అప్పుడు, వాన సీన్ కోసం ట్యాంకర్ తెప్పిస్తే నిజం వానే వచ్చిపడింది. యూనిట్ అంతా పరుగో పరుగు. వీళ్లిద్దరికీ కలిపి ఒక్క గొడుగు దొరికింది, దానికీ ఒక పుల్ల విరిగింది. ఆ గొడుగు కిందే అడిగాడు, “నన్ను పెళ్లి చేసుకుంటావా?” అని.

అప్పటికి వారం ముందే ఆమె నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, మాట రెండూ పడిపోయాయి.

“ఇప్పుడు కాదు,” అంది.

ఆ ‘ఇప్పుడు’ ఎప్పటికో అప్పటికి అయిపోతుంది కదా, మళ్లీ అడుగుతాడు కదా అని ఎదురుచూసింది. అతను అడగలేదు. ఆ మాటని మాత్రం తీసుకెళ్లి నాలుగో సినిమాలో డాక్టరమ్మ నోట్లో పెట్టాడు. ఆమె కిక్కురుమనకుండా ఆ పేజీ మీద సంతకం పెట్టింది.

పోయిన నెల అతనికి పెళ్లి కుదిరింది. అమ్మాయి స్కూల్ టీచర్. ముహూర్తం వచ్చే నెల పదిన.

“డైరెక్టర్ గారు నాలుగింటికి స్క్రిప్ట్ లాక్ చేసేస్తారు,” అంది ఆమె, పుస్తకంలోకి చూస్తూ. “త్వరగా తేల్చండి.”

“సీనుంది,” అన్నాడు రైటర్ మెల్లగా. “నువ్వు చూళ్లేదంతే.”

“నేను చూడని సీనా? ఏ భాగంలో?”

“ఆసుపత్రిలో. రెండో అంతస్తు, ఆఖరి గది. కమలాపళ్లు పట్టుకుని వచ్చా, రెండోసారి అడగడానికే. నువ్వు మీ నాన్నగారికి చెంచాతో పాలు పడుతున్నావ్. సగం గడ్డం మీదే కారిపోతున్నాయి. తుడుస్తున్నావ్, మళ్లీ పడుతున్నావ్. ఆ టైమ్‌లో నా పెళ్లి గోలేంటని సిగ్గేసింది. సంచీ నర్సు చేతికిచ్చి దిగిపోయా. రేపొద్దాం అనుకున్నా. ఆ రేపు కాస్తా రెండేళ్లయింది.”

ఆమె పుస్తకం మూసేసింది.

ఆ పళ్లు ఆఫీసు వాళ్లు పంపారనుకుంది! ఆ సాయంత్రం నాన్న ఎడమచెయ్యెత్తి తలుపు వైపు చూపిస్తూనే ఉన్నాడు, గొంతులోంచి ఏదో శబ్దం చేస్తూ. చలేస్తోందేమోనని తలుపేసింది. మళ్లీ చూపిస్తే దుప్పటి కూడా కప్పింది.

నాన్న చూశాడన్నమాట.

“పిచ్చివాడా,” అంది. ‘మీరు’ ఎటుపోయిందో ఏమో. “వంద సార్లడిగినా విసుక్కునేదాన్నా?”

“నువ్వైనా అడగొచ్చుగా?”

“నువ్వే మళ్లీ అడుగుతావని...” అంది ఆమె.

రైటర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “ఇదిగో, అడుగుతున్నా. రెండోసారి. ఊఁ అను చాలు, ఇప్పుడే వాళ్లకి ఫోన్ చేసి చెప్పేస్తా.”

ఊఁ అనే మాట గొంతు దాకా వచ్చేసింది. నిజంగా వచ్చేసింది.

బల్ల మీద అతని ఫోన్ వెలిగింది. టీచర్ మెసేజ్. ‘వానగా ఉంది. గొడుగు తీసుకెళ్లారా?’

ఇద్దరూ చదివారు.

ఆమె ఎర్ర పుస్తకం తెరిచింది. అక్షరాలు కనబడకపోయినా తెరిచింది. “మొదటి భాగం, పన్నెండో సీన్. తూనీగ మాటిస్తే తప్పడు.”

“నేను తూనీగని కాదు.”

“తెలుసు. కానీ వాణ్ణి ఎవర్ని చూసి ఇష్టపడ్డానో కూడా తెలుసుగా? ఐదు సినిమాలు వాణ్ణి చెడిపోకుండా కాపాడుకొచ్చా. ఆఖర్లో నా చేత్తో చెడగొట్టమంటావా? ఆ అమ్మాయేం చేసింది పాపం, గొడుగుందా అని అడిగింది.”

రైటర్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

“మరి తొంభై రెండో పేజీ?” అన్నాడతను, కాగితం ఆమె ముందుకు తోస్తూ.

ఆమె ఆ డైలాగ్ పక్కన తూనీగ పేరు కొట్టేసి డాక్టరమ్మ అని రాసింది. “ఆవిడ అడుగుతుంది. ఆవిడకి ఏ రూలూ లేదు. ఊరికే ఎదురుచూస్తూ కూర్చుంది, అంతే.”

సంతకం పెట్టింది. దాని మీద ఒక చుక్క పడి సిరా అలుక్కుపోయింది.

“జల్లు లోపలికి కొడుతోంది,” అంది.

కిటికీ మూసే ఉంది. తప్పులు పట్టడం తన పని కాదు కాబట్టి రైటర్ ఏమీ అనలేదు.

సినిమా రిలీజయ్యాక మొదటాటకి నాన్నని తీసుకెళ్లింది. వంతెన మీద డాక్టరమ్మ “నాతో వచ్చెయ్” అని అడగ్గానే థియేటర్ ఈలలతో దద్దరిల్లింది. ఆ గోలలో నాన్న ఎడమచెయ్యి పైకి లేచింది. రెండు వరుసల ముందు రైటర్ కూర్చున్నాడు, పక్కన టీచర్.

“క... కమలాల... అబ్బాయి,” అన్నాడు నాన్న, కష్టపడి.

ఆమె ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

“చూశాను నాన్నా.”